బోట్స్వానా, జింబాబ్వే: ఒకే కంచెకు అటూ ఇటూ ఇంత తేడా ఎలా వచ్చింది?

నీలాకాశం:
కొన్నాళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఒకటి మీ ముందు పెడుతున్నాను. ఆఫ్రికా దక్షిణాన పక్కపక్కనే ఉన్న రెండు దేశాలు బోట్స్వానా, జింబాబ్వే. రెండింటికీ సముద్రతీరం లేదు. రెండూ ఒకప్పుడు బ్రిటన్ చేతికింద ఉన్నవే.

1966 సెప్టెంబర్ 30న బోట్స్వానాకు స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి అక్కడున్న తారు రోడ్డంతా కలిపితే 12 కిలోమీటర్లు. డిగ్రీ పట్టా ఉన్నవాళ్లు 22 మంది. దేశాన్ని పాలించే కార్యాలయం కూడా దేశంలో లేదు, సరిహద్దు అవతల దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్‌లో ఉండేది. గాబరోన్‌ను రాజధాని కోసమని అప్పటికప్పుడు కట్టుకున్నారు. నేలలో ఎక్కువ భాగం కలహారి ఎడారి. జనానికి ఆధారం పశువులు, అవి కూడా అప్పటి కరువులో లక్షల్లో చచ్చిపోయాయి.

జింబాబ్వే 1980 ఏప్రిల్ 18న స్వతంత్రమైంది. ఫ్యాక్టరీలు, రైలు మార్గాలు, కరీబా ఆనకట్ట కరెంటు, పొగాకు, మొక్కజొన్న, బంగారం, అన్నీ ఉన్న దేశమది. అప్పుడు ఒక జింబాబ్వే డాలరు ఒక అమెరికా డాలరు కంటే విలువైనది. 2009 జనవరి వచ్చేసరికి ఆ దేశమే 100 లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చేసింది. ఒకటి పక్కన 14 సున్నాలు. ఇవాళ బోట్స్వానా తలసరి ఆదాయం 7,000 డాలర్ల చుట్టుపక్కల ఉంటే జింబాబ్వేది అందులో సగానికి రాదు.

ఏది ఎక్కడ తిరగబడింది? ఆ ప్రాంతం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సూటిమాట:
వజ్రాలండీ. ఇంకేం కావాలి? 1967లో ఒరాపాలో బయటపడ్డాయి, 1971లో గని మొదలైంది. 1982లో జ్వానెంగ్ వచ్చింది, విలువ లెక్కన ప్రపంచంలోనే మొదటి వరుసలో ఉండే గని. ఉన్న జనాభా పాతిక లక్షలు. జింబాబ్వేలో కోటిన్నర పైనే. అంత సొమ్ము అంత కొద్దిమందికి పంచితే ఎవరైనా బాగుపడతారు. దీన్ని గొప్ప పాలన అనడం నాకు నచ్చదు.

నీలాకాశం:
సూటిమాట గారూ, వజ్రాలు అంగోలాకీ దొరికాయి, సియెర్రా లియోన్‌కీ దొరికాయి, కాంగోకీ దొరికాయి. ఆ మూడు చోట్లా వజ్రాల సొమ్ము తుపాకులకు పోయింది. అంతెందుకు, జింబాబ్వేలోనే 2006లో మరాంగేలో వజ్రాలు బయటపడ్డాయి. వాటితో ఖజానా ఏమీ నిండలేదు. దొరకడం అదృష్టమే, ఒప్పుకుంటాను. దొరికాక ఏం చేశారన్నదే నా ప్రశ్న.

పాతలెక్క:
ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. 1996 నుంచి 2011 దాకా బోట్స్వానాలోని ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఒక టోకు సరుకుల సంస్థలో లెక్కలు చూశాను. జింబాబ్వే సరిహద్దు మాకు గంట ప్రయాణం. అవతల ప్లమ్‌ట్రీ, ఇంకాస్త ముందుకెళ్తే బులవాయో. సరిహద్దుకు రెండు వైపులా కలాంగా భాష మాట్లాడేవాళ్లే, చుట్టరికాలు అటూ ఇటూ ఉంటాయి. కాబట్టి తేడా మనుషుల్లో ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు బోట్స్వానా సంగతి. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా బమంగ్వాటో తెగ పెద్ద కుటుంబంలో పుట్టినవాడు. ఒరాపా ఉన్నది ఆ తెగ నేలలోనే. అయినా 1967లోనే చట్టం చేసి నేల కింద దొరికేది ఏ తెగదీ కాదు, దేశానిదని తేల్చేశాడు. సొంత మనుషులకు దక్కాల్సిన గని అది. ఆనాడు ఆ చట్టం రాకపోయి ఉంటే తర్వాతి తగాదాలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

తర్వాత బేరం. డి బీర్స్ అనే పెద్ద వజ్రాల సంస్థతో కలిసి పెట్టుకున్న గనుల కంపెనీలో మొదట ప్రభుత్వ వాటా 15 శాతమే. ఆ కంపెనీకి ఇంకో గని కావాల్సి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడి 1970ల నడుమలో వాటాను 50 శాతానికి తెచ్చుకున్నారు. గనుల్ని లాక్కోలేదు, కంపెనీని తరిమేయలేదు. పన్నులు, రాయల్టీలు, డివిడెండ్లు కలిపితే లాభంలో అధిక భాగం ప్రభుత్వానికే వచ్చేలా రాసుకున్నారు.

మూడోది ఎవరూ పెద్దగా చెప్పుకోనిది, నాలాంటి లెక్కలవాడికి మాత్రం అదే ముఖ్యం. 1981, 82లో వజ్రాల ధర పడిపోయి కొన్ని నెలలపాటు అమ్మకాలే ఆగిపోయాయి. అలాంటప్పుడు ప్రభుత్వాలు మామూలుగా చేసే పని నోట్లు కొట్టడం. వీళ్లు తమ కరెన్సీ పులా విలువ తగ్గించుకున్నారు, జీతాల పెంపు ఆపేశారు, ఖర్చు కోసుకున్నారు, తవ్విన రాళ్లను దాచి కూర్చున్నారు. మార్కెట్ లేచాక 1987లో ఆ నిల్వను డి బీర్స్‌కే అమ్మి, నగదుతో పాటు ఆ కంపెనీలో 5 శాతం వాటా కూడా రాయించుకున్నారు. 1994లో పులా ఫండ్ పెట్టి గని సొమ్ములో మిగులు విదేశాల్లో దాచడం మొదలుపెట్టారు. గని సొమ్ము జీతభత్యాలకు వాడకూడదు, చదువు, ఆరోగ్యం, కట్టడాలకే వాడాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. అభివృద్ధి ప్రణాళికలో లేని ప్రాజెక్టు ఏదైనా తలపెడితే పార్లమెంటు ముందుకు రావాల్సిందే.

జింబాబ్వే సంగతి రాత్రికి రాస్తాను.

మొక్కజొన్నచేను:
పాతలెక్క గారూ, చదువుతుంటే కళ్లకు కట్టినట్టుంది. ఒక చిన్న సందేహం. పులా అంటే వాళ్ల భాషలో వాన అని విన్నాను, నిజమేనా?

పాతలెక్క:
అవునమ్మా. 1976 ఆగస్టు 23న దక్షిణాఫ్రికా ర్యాండ్ వదిలేసి సొంత నాణెం తెచ్చుకున్నప్పుడు పెట్టిన పేరు. సభల్లో చివర అందరూ కలిసి "పులా!" అని కేక వేస్తారు కూడా. వంద థెబెలు ఒక పులా. థెబె అంటే డాలు.

ఇప్పుడు జింబాబ్వే. నేను వెళ్లిన కొత్తల్లో మా గల్లాలో జింబాబ్వే డాలర్లు కూడా తీసుకునేవాళ్లం. బులవాయో నుంచి వచ్చే చిన్న వర్తకులు అవే ఇచ్చేవారు. 1997 నవంబర్ 14, శుక్రవారం. ఆ ఒక్కరోజులో జింబాబ్వే డాలరు అమెరికా డాలరుతో పోలిస్తే 70 శాతం పైగా పడిపోయింది. సాయంత్రం గల్లా లెక్క చూసి మా యజమాని కుర్చీలో కూలబడ్డాడు. సోమవారం నుంచి ఆ డబ్బు తీసుకోవడం మానేశాం.

కారణం స్పష్టంగా ఉంది. తెల్లవాళ్ల పాలన మీద జరిగిన విమోచన పోరాటంలో పాల్గొన్న యోధులు పింఛను కోసం వీధికెక్కారు. దాదాపు 50 వేల మంది. అధ్యక్షుడు ముగాబే ఒక్కొక్కరికి 50 వేల జింబాబ్వే డాలర్ల ఏకమొత్తం, నెలకు 2,000 పింఛను ప్రకటించాడు. బడ్జెట్‌లో ఆ సొమ్ము లేదు. వాళ్లు అడిగింది తప్పని నేను అనను, పోరాడినవాళ్లను పదిహేడేళ్లు పట్టించుకోలేదు. కానీ లేని సొమ్ము ఇస్తామన్నారు. మరుసటి ఏడు కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపారు, దానికీ సొమ్ము లేదు. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు ఏది అడిగితే అది అచ్చేసే యంత్రమైపోయింది. ట్రాక్టర్లు కొని పంచడం కూడా ఆ బ్యాంకు పనే అయింది. ఆ బ్యాంకు చేసిన 100 కోట్ల అమెరికా డాలర్లకు మించిన అప్పును 2015లో చట్టం చేసి ప్రజల నెత్తిన పెట్టారు.

పొగాకుబ్యారన్:
మాది పొగాకు కుటుంబం. వర్జీనియా పొగాకు ప్రపంచ ధర తెలుసుకోవాలంటే మేం చూసేది బ్రెజిల్, జింబాబ్వే పంటలే. అందుకని భూమి సంగతి నేను చెప్తాను. అది చెప్పకుండా ఈ కథ సగమే.

బోట్స్వానాలో తెల్లవాళ్లు పెద్దగా స్థిరపడలేదు. అక్కడి నేల వాళ్లకు అక్కర్లేకపోయింది. జింబాబ్వేలో మంచి నేలంతా నల్లవాళ్ల నుంచి లాక్కున్నదే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి కొన్ని వేల తెల్ల కుటుంబాల చేతిలో సారవంతమైన భూమి, లక్షల కుటుంబాలకు ఇసుక నేలలు. స్వాతంత్ర్యానికి దారితీసిన 1979 లాంకాస్టర్ హౌస్ ఒప్పందంలో పదేళ్లపాటు బలవంతంగా భూమి తీసుకోకూడదని, అమ్మేవాడు ఇష్టపడితేనే కొనాలని రాశారు. అంటే అసలు గాయాన్ని కట్టు కింద దాచి ఇచ్చారు. బోట్స్వానాకు ఈ బరువు లేదు. రెండు దేశాల్నీ పక్కపక్కన పెట్టి ఒకరు తెలివైనవాళ్లు, ఒకరు కాదు అనడం ఈ ఒక్క కారణంగా నాకు అన్యాయం అనిపిస్తుంది.

అయితే 2000లో జరిగింది భూపంపిణీ అనడానికి నాకు మనసొప్పదు. ఫిబ్రవరిలో రాజ్యాంగ ముసాయిదాపై ఓటింగ్ పెడితే జనం తిరస్కరించారు, ముగాబేకు అదే మొదటి ఓటమి. వెంటనే పొలాల ఆక్రమణ మొదలైంది. పొగాకు పండించడమంటే నారుమడి, బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది), తేమ, మంట, గ్రేడింగ్. ఒక్క బ్యారన్‌లో మంట అదుపు తప్పితే ఏడాది కష్టం బూడిదే. పొలాల్లో పనిచేసిన లక్షలాది కూలీలకు ఆ పని తెలుసు. భూమి పంచినప్పుడు వాళ్లలో చాలామందికి ఏమీ దక్కలేదు, పైగా ఇళ్లు పోయాయి. మంచి పొలాలు చాలావరకు పార్టీ పెద్దలకు పోయాయి. భూమికి పట్టా లేదు, కాబట్టి బ్యాంకు అప్పివ్వదు. 2000లో 23 కోట్ల కిలోలు దాటిన పొగాకు 2008కి 5 కోట్ల కిలోల లోపుకు పడిపోయింది.

సూటిమాట:
మరి ఆంక్షలో? అమెరికా 2001లో చట్టం చేసి జింబాబ్వేకు అంతర్జాతీయ రుణాలు రాకుండా అడ్డుపడింది. యూరప్ కూడా ఆంక్షలు పెట్టింది. అది ఎవరూ రాయరేం?

నీలాకాశం:
రాయాల్సిందే, మీరన్నది నిజం. కానీ వరస చూడండి. డాలరు కూలింది 1997లో. ప్రపంచ బ్యాంకుకీ ఐఎంఎఫ్‌కీ వాయిదాలు కట్టడం ఆగిపోయింది అమెరికా చట్టానికి ముందే. అప్పు పుట్టే దారి అప్పటికే మూసుకుపోయింది, ఆంక్షలు దానికి తాళం వేశాయి. ఇంకొకటి, 1965లో తెల్లవాళ్ల ప్రభుత్వ ప్రధాని ఇయాన్ స్మిత్ ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక రొడీషియా మీద, అంటే అప్పటి జింబాబ్వే మీద, ఐక్యరాజ్యసమితి ఆంక్షలుండేవి. అప్పుడు సొంత ఫ్యాక్టరీలు పెరిగాయే తప్ప ద్రవ్యోల్బణం కోట్ల శాతానికి పోలేదు. ఆ ప్రభుత్వం జాతి వివక్ష పునాది మీద నిలిచింది, దాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. ఆంక్షలు ఒక్కటే కరెన్సీని చంపలేవని చెప్పడానికి రాశాను.

సూటిమాట:
వరస విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అయినా కోలుకునే దారిలో ఆంక్షలు అడ్డుగోడ అయ్యాయన్న మాట మీద నిలబడతాను.

నిర్వాహకులు:
రొడీషియా ప్రస్తావన మీద వచ్చిన రెండు సందేశాలు తీసేశాం. జాతుల తెలివితేటల మీద వ్యాఖ్యలకు ఇక్కడ చోటు లేదు. మిగతా చర్చ బాగుంది, సాగించండి.

పాతలెక్క:
2007, 2008 సంవత్సరాల గురించి చూసింది రాస్తాను. 2007 జూన్‌లో జింబాబ్వే ప్రభుత్వం ధరలు సగానికి తగ్గించి అమ్మాలని దుకాణాలకు హుకుం జారీ చేసింది. కొన్ని రోజుల్లోనే అరలన్నీ ఖాళీ. అప్పటి నుంచి మా గోదాము ముందు తెల్లవారుజామున ఐదింటికే వరుస. వంటనూనె, పంచదార, సబ్బు, మొక్కజొన్న పిండి. టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు వచ్చేవాళ్లు. ఒక హెడ్‌మాస్టారు నెల జీతం బ్యాంకులోంచి తీసేలోపు దాంతో ఒక రొట్టె కూడా రావట్లేదని చెప్పాడు. రోజుకు ఇంతే తీయాలని పరిమితి, ఆ ఇంత కోసం పొద్దంతా క్యూ. అక్కడి కంపెనీలు జీతంగా పెట్రోలు కూపన్లు ఇవ్వడం మొదలుపెట్టాయి, ఆ కూపన్లే నోట్లలా చేతులు మారేవి. 2008 జులైలో ప్రభుత్వం ఒప్పుకున్న ద్రవ్యోల్బణమే 23 కోట్ల శాతం. ఆ తర్వాత లెక్క ప్రకటించడం ఆపేశారు. మూడు విడతల్లో నోట్ల మీద కొట్టేసిన సున్నాలు 25.

నాకు బాగా గుర్తుండిపోయింది రైలు. బోట్స్వానా గుండా వెళ్లే రైలు మార్గాన్ని 1987 దాకా నడిపింది జింబాబ్వే రైల్వేలే, బులవాయో నుంచి. ఇవతలివాళ్లకు అప్పటిదాకా సొంత రైల్వే లేదు. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి ఆ రైల్వే ఉద్యోగులే పిండి బస్తా కోసం మా వాకిట్లో నిలబడ్డారు.

ఇక టైటిల్‌లో మీరు రాసిన కంచె. 2003లో బోట్స్వానా సరిహద్దు పొడవునా వందల కిలోమీటర్ల కరెంటు కంచె కట్టడం మొదలుపెట్టింది. పశువులకు గాలికుంటు వ్యాధి రాకుండా అని కారణం చెప్పారు. అది ఉత్త సాకు కాదు, యూరప్‌కు గొడ్డుమాంసం అమ్మాలంటే ఆ వ్యాధి ఉండకూడదు. కానీ అవతలి జనం దాన్ని తమ కోసం కట్టిన కంచె అనుకున్నారు. ఇవతల పోలీసులు మనుషుల్ని లారీల్లో ఎక్కించి వెనక్కి పంపడం నేను చూశాను. బోట్స్వానాను మెచ్చుకునేటప్పుడు ఇది కూడా గుర్తుండాలి.

వార్డుసిస్టర్:
ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి రాయాలనిపించింది. డబ్బు లెక్కల్లో ఒకటి తప్పిపోయింది, ఎయిడ్స్. రెండు దేశాల్లోనూ ఒక తరం పనిచేసే వయసువాళ్లను అది తినేసింది. 1990ల్లో రెండు చోట్లా సగటు ఆయుర్దాయం కుప్పకూలింది. వజ్రాలున్న దేశంలో కూడా. ఫెస్టస్ మొగాయె అధ్యక్షుడిగా ఉన్నప్పుడు 2002లో బోట్స్వానా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది, ఆఫ్రికాలో అలా చేసిన తొలి దేశాల్లో అదొకటి. దాచిన సొమ్ము అక్కరకొచ్చింది అంటే ఇదీ.

జింబాబ్వేకు కూడా దక్కాల్సిన మాట ఒకటుంది. ఆదాయ పన్ను మీద 3 శాతం ఎయిడ్స్ సుంకం వేసి సొంత నిధి పెట్టుకున్న దేశమది. ఆలోచన ఎంతో మంచిది. కరెన్సీ చచ్చిపోతుంటే ఆ నిధి విలువ కూడా దాంతోనే పోయింది. 2008 ఆగస్టులో మొదలైన కలరాలో 4,000 మందికి పైగా చనిపోయారు. నీళ్లు శుద్ధి చేసే మందు కొనడానికి సొమ్ము లేక, గొట్టాలు బాగుచేయక వచ్చిన చావులవి. అక్కడ బాగా చదువుకున్న నర్సులు, టీచర్లు అప్పటికే పక్క దేశాలకు వెళ్లిపోయారు. 1980ల్లో జింబాబ్వే బడులకు పెట్టిన ఖర్చుతో తయారైనవాళ్లు బోట్స్వానా ఆసుపత్రుల్లో, బడుల్లో పనిచేశారు. ఒక దేశం పెట్టిన పెట్టుబడి ఇంకో దేశానికి ఫలించింది.

మొక్కజొన్నచేను:
సిస్టర్ గారూ, ఆ చివరి మాట చదివి చాలాసేపు ఆగిపోయాను. నేనెప్పుడూ అటు నుంచి ఆలోచించలేదు.

సూటిమాట:
ఇన్ని విన్నాక నా మొదటి మాట సవరించుకుంటున్నాను. వజ్రాలు ఒక్కటే కాదు. కానీ బోట్స్వానాను ఆదర్శంగా నిలబెట్టే ముందు ఇవాళ్టి పరిస్థితి చూడండి. ఆదాయ అసమానత ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో అదొకటి. యువతలో నిరుద్యోగం తీవ్రం. 2016 అక్టోబర్‌లో సెలెబి పిక్వేలో రాగి, నికెల్ గని మూసేస్తే సుమారు 5,000 ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి, ఊరే బతికేది ఆ గని మీద. యాభై ఏళ్లు వజ్రాలు తవ్వి వేరే పరిశ్రమ నిలబెట్టలేకపోయారు. ఇప్పుడు ల్యాబుల్లో తయారయ్యే వజ్రాలు వచ్చి గని రాళ్లను కొనేవాళ్లు తగ్గారు. 2024లో వాళ్ల ఆర్థిక వ్యవస్థ పెరగకపోగా కుంచించుకుపోయింది. 2025 ఆగస్టులో ఆసుపత్రుల్లో మందులు లేక ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. సిస్టర్ గారు చెప్పిన అదే దేశం.

నీలాకాశం:
ఇది బలమైన మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వజ్రాలను సానబెట్టే పని, అమ్మే పని దేశానికి తెచ్చుకోవాలని ప్రయత్నించారు. డి బీర్స్ ముడి వజ్రాల అమ్మకాన్ని 2013లో లండన్ నుంచి గాబరోన్‌కు మార్పించారు. అయినా అదంతా మళ్లీ ఒక్క రాయి చుట్టూనే. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి. 2024 అక్టోబర్‌లో ఎన్నికలు జరిగితే స్వాతంత్ర్యం నుంచి 58 ఏళ్లు ఏలిన పార్టీ నాలుగు సీట్లకు పడిపోయింది. అధ్యక్షుడు మసీసి ఓట్ల లెక్క పూర్తి కాకముందే ఓటమి ఒప్పుకున్నాడు. ఎన్నికలైన రెండు రోజుల్లో ప్రతిపక్ష నాయకుడు డూమా బోకో అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. 2008లో జింబాబ్వేలో తొలి విడతలో వెనకబడ్డ ముగాబే ఏం చేశాడో గుర్తు చేసుకోండి. రెండో విడతకు ముందు ఎంత హింస జరిగిందంటే ప్రతిపక్ష నాయకుడు స్వాంగిరాయ్ పోటీ నుంచే తప్పుకున్నాడు. పాలకుణ్ణి మార్చే దారి తెరిచి ఉన్న దేశానికి తప్పు సరిదిద్దుకునే వీలుంటుంది, వజ్రాలున్నా పోయినా.

పొగాకుబ్యారన్:
జింబాబ్వే నుంచి ఒక మంచి వార్త కూడా చెప్పాలి. పొగాకు లేచి నిలబడింది. 2023లో 29 కోట్ల కిలోలు దాటింది, తెల్ల రైతుల కాలం నాటి రికార్డుల్ని మించి. ఈసారి పండించింది ఎక్కువగా ఒకటి రెండు హెక్టార్ల చిన్న రైతులు. భూమి అందుకున్న కుటుంబాలు నేర్చుకుని నిలబడ్డాయి. ఇది చూసినప్పుడు నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

చిక్కు కాంట్రాక్టులో ఉంది. బ్యాంకు అప్పు లేదు కాబట్టి విత్తనం, ఎరువు కొనుగోలు కంపెనీయే ఇస్తుంది, పంట వాళ్లకే అమ్మాలి, ధర దగ్గర రైతుకు నోరు లేదు. అప్పు తీరగా చేతికొచ్చేది కొద్ది. బొగ్గు దొరకనివాళ్లు బ్యారన్‌కు అడవి కొడుతున్నారు, కొండలు బోడి అవుతున్నాయి. 2020లో తెల్ల రైతులకు కట్టడాలు, బావుల పరిహారం కింద 350 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. రైతు చేతికి తాకట్టు పెట్టుకోగల పట్టా వస్తే సగం సమస్య తీరుతుందని నా నమ్మకం.

మొక్కజొన్నచేను:
పాతలెక్క గారూ, చివరిగా ఒకటి అడగాలి. 2024 ఏప్రిల్‌లో జింబాబ్వే జిగ్ అని బంగారం దన్నుగా కొత్త కరెన్సీ తెచ్చిందిగా. ఇప్పుడు జనం నమ్ముతున్నారా?

పాతలెక్క:
అమ్మా, అమెరికా డాలరుకు 13.56 జిగ్‌లతో మొదలుపెట్టారు. ఆ సెప్టెంబర్‌లోనే విలువ 43 శాతం తగ్గించారు. వెనక బంగారం ఉన్నా, పాత అనుభవం జనం మర్చిపోవాలిగా. 2009లో అమెరికా డాలర్లు వాడుకోవడానికి వదిలేశాక ధరలు నిలబడ్డాయి. 2016లో బాండ్ నోట్లని సొంత నోట్లు తెచ్చి అమెరికా డాలరుతో సమానం అన్నారు, అదీ నిలవలేదు. 2019లో విదేశీ డబ్బు వాడకూడదన్నారు, ఏడాది తిరక్కముందే మళ్లీ వాడుకోమన్నారు.

బులవాయోలో ఒక రిటైర్డ్ టీచరమ్మతో నాకు ఇప్పటికీ ఫోన్ మాటలున్నాయి. మా గోదాము వరుసలో పరిచయం. ముప్పై ఏళ్లు పనిచేసి దాచుకున్నదంతా బ్యాంకులోనే ఉండిపోయింది. 2015లో పాత కరెన్సీని పూర్తిగా రద్దు చేసినప్పుడు మార్చిన రేటు ఒక అమెరికా డాలరుకు 35 వేల లక్షల కోట్ల జింబాబ్వే డాలర్లు. ఖాతాలో 1,75,000 లక్షల కోట్ల దాకా ఎంత ఉన్నా సరే, చేతికిచ్చేది ఐదు డాలర్లు. ఆమె వాటా కూడా ఐదే. తీసుకోవడానికి వెళ్లలేదని చెప్పింది. ఇప్పుడు ఫ్రాన్సిస్‌టౌన్‌లో పనిచేసే కొడుకు నెలనెలా పంపేది పులాల్లో వస్తుంది. ఆ వారానికి కావాల్సినంతే మార్చుకుని, మిగిలినవి పులాల్లోనే బీరువాలో పెట్టుకుంటుంది. బ్యాంకులో వేయమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.